పట్టీకి వదిలిన జాగా

“లేవనంటే లేవను,” అంది అమ్మ.

వీధి తలుపుకి తాళం వేసి, దానికి అడ్డంగా కుర్చీ లాక్కుని, కుర్చీలో తాను కూర్చుంది. తాళంచెవి కుడి పిడికిట్లో ఉంది. పిల్లలిద్దరూ కోర్టుకెక్కారని తెలిసిన రోజు బిగించిన పిడికిలి అది. నిద్రలో కూడా విప్పడం లేదని కోడలు ఒట్టేసి చెబుతోంది.

“పెద్దమ్మా, కొంచెం జరగండి. టేపు మీ కిందనుంచే పోవాలి,” అన్నాడు సర్వేయరు, బతిమాలుతున్నట్టు.

“పోనీ నాయనా. నేనేమన్నా పట్టుకున్నానా? పోనీ.”

కొలతలు తీయించి రాసుకురమ్మని కోర్టు పంపిన కమిషనరు పొట్టిగా, చురుగ్గా ఉన్న లాయరమ్మ. ఆవిడ కాగితాల అట్ట చేత్తో పట్టుకుని ముందుకొచ్చింది. “అమ్మగారూ, మిమ్మల్ని బలవంతాన లేపను. కానీ ఉన్నది ఉన్నట్టు రాయడం నా పని. కుర్చీతో సహా మిమ్మల్ని కూడా రాసుకోవాల్సి వస్తుంది.”

“రాసుకో తల్లీ. వయసు మాత్రం కాస్త తగ్గించి రాసుకో.”

ముందుగదిలో నవ్వింది కమిషనరు ఒక్కతే. మిగతావాళ్ళకి నవ్వొచ్చినా నవ్వే ధైర్యం లేదు. కుట్టుమిషన్ల మధ్య ఇరుక్కుని ఒకవైపు అన్నయ్య, వదిన, వాళ్ళ ప్లీడరు నిలబడ్డారు. రెండోవైపు చెల్లెలు సూదిపిల్ల, ఆమె ప్లీడరమ్మ. నడిమధ్య కత్తిరింపు బల్ల.

నలభై దాటినా వీధి వీధంతా ఆమెని సూదిపిల్ల అనే పిలుస్తుంది. దర్జీ అయిన నాన్న ముద్దుగా పెట్టిన పేరు. ఆయన పోయాక కత్తెరా, బల్లా, ఖాతాదారులూ ఆమెకి దక్కారు. ఇల్లు మాత్రం ఇద్దరికీ. వీధి వైపు మొహం పెట్టి నిలబడితే ఎడమ భాగం అన్నయ్యది, కుడి భాగం ఆమెది. ఆ రెండింటి నడుమ ఉన్న ఒక్కగానొక్క వీధి తలుపు మీదే ఇంత రగడ.

“వదినా, మీ ఆయనతో చెప్పు. నా మిషను మీద చెయ్యి ఆనించొద్దని.”

వదిన మొగుడి వైపు తిరిగింది. “విన్నారుగా.”

“విన్నాను. తలుపుకి అడ్డంగా మిషను పెట్టుకోవద్దని నేను ఎప్పుడో చెప్పానని చెప్పు.”

“ఆవిడకీ చెవులున్నాయి. నేనేమన్నా టెలిఫోనా మీ ఇద్దరికీ? వేసవి పోయి వానలొచ్చాయి, ఇంకా నా నోటితోనే మాట్లాడుకుంటున్నారు!”

కిటికీ ఊచల మధ్యనుంచి ఒక చెయ్యి లోపలికొచ్చింది. “సూదక్కా! నా తెల్లకోటు అయిందా? డ్యూటీకి టైమైపోయింది!”

ఎదురు వీధి నర్సమ్మ. సూదిపిల్ల పరుగున వెళ్ళి కోటు మడిచి ఊచల్లోంచి తోసింది. తలుపుకి తాళం పడ్డాక వ్యాపారమంతా ఇలాగే నడుస్తోంది. తయారైన బట్టలు ఊచల్లోంచి పోతాయి సరే, కొత్త కొలతల సంగతేమిటి? ఇవాళ కోర్టు వాళ్ళొచ్చినట్టు పెరటి సందులోంచి, వంటింటి మీదుగా ఖాతాదారులొస్తారా? మనిషి ఛాతీ కొలవాలంటే కిటికీలోంచి చెయ్యి చాచి వీధిలో కొలవాలా? ఈ తలుపు పోతే దుకాణం పోయినట్టే.

అన్నయ్యకీ తలుపు కావాలి. ఆయన కళ్ళద్దాలు చేస్తాడు. అద్దెకున్న కొట్టు ఖాళీ చెయ్యమన్నారు, ఇంట్లోనే పెట్టుకుందామంటే ఆయన వైపు వీధిలో కరెంటు స్తంభం, దాని పక్కనే తీగల పెట్టె. అక్కడ కొత్త తలుపు తెరవడానికి వీల్లేదు. అంతవరకూ సూదిపిల్లకి కోపం లేదు. మనిషన్నాక బతకాలి కదా! కానీ దావా కాగితంలో ఆయన రాయించిన ఒక్క వాక్యం ఆమె గుండెలో దిగబడి ఉండిపోయింది.

‘దస్తావేజు కొలతల్లో తేడా వచ్చిన యెడల, అది మా తండ్రికి చూపు మందగించిన వయసులో పడిన పొరబాటు.’

చూపు మందగించిందట! ఆఖరి రోజు వరకూ దీపం లేకుండా సూదిలో దారం ఎక్కించిన మనిషికి! పైగా ఆ మాట అన్నది ఎవరు? ఆ తండ్రి కళ్ళకి అద్దాలు చేసి పెట్టిన కొడుకే.

“మొదలుపెట్టండి,” అంది కమిషనరు.

సర్వేయరు నేల మీద బోర్లా పడుకుని అమ్మ కుర్చీ కాళ్ళ మధ్యనుంచి టేపు దూర్చాడు. అమ్మ కాళ్ళు రెండూ పైకెత్తి పట్టుకుంది. లేవనంది గానీ సాయం చెయ్యనని అనలేదుగా!

ఈ గోడ నుంచి ఆ గోడ దాకా మొత్తం వెడల్పు తీసి కమిషనరు రాసుకుంది. తర్వాత నాన్న రాయించిన పంపకాల దస్తావేజు చదివింది. “ఎడమ గోడ నుంచి పద్నాలుగు అడుగులు నా కుమారుడికి. సర్వేయరుగారూ, కొలిచి గీత గీయండి.”

సర్వేయరు జేబులు తడుముకున్నాడు. సుద్దముక్క లేదు. సూదిపిల్ల తన బల్ల మీది నీలం సుద్ద తీసిచ్చింది. గీత వెళ్ళి తలుపు ఎడమ చట్రం మొదట్లో పడింది.

“చూశారా!” అని ఎగిరి గంతేసినంత పనిచేసింది ప్లీడరమ్మ. “ఆయన భాగం అక్కడితో సరి! తలుపు మాదే మేడం!”

“తొందరపడకండి. కుడి గోడ నుంచి పద్నాలుగు అడుగులు నా కుమార్తెకు. ఇదీ గీయండి.”

రెండో గీత తలుపు కుడి చట్రం మొదట్లో పడింది.

“ఆహా!” అన్నాడు అన్నయ్య ప్లీడరు. “ఆవిడ భాగం అక్కడితో సరి. తలుపు మాది!”

అందరూ నేల వైపే చూస్తున్నారు. రెండు నీలం గీతలు, వాటి నడుమ సరిగ్గా తలుపంత జాగా. ఆ జాగాలో కాళ్ళు పైకెత్తుకుని అమ్మ.

కమిషనరు వంగి చూసింది. మళ్ళీ కొలిపించింది. మళ్ళీ అదే.

“ఇంతకాలం ఎవరూ కొలుచుకోలేదా?” అని అడిగింది.

“ఎందుకు కొలవలేదూ!” అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

“ఏది కొలిచారు?”

“ఆవిడ భాగం,” అన్నాడు అన్నయ్య.

“ఆయన భాగం,” అంది సూదిపిల్ల.

“మీ భాగం మీరు?”

ఎవరిది వాళ్ళు కొలుచుకోలేదు. అవును మరి! ఎదుటివాడిది ఎక్కడితో ఆగుతుందో చూడాలన్న ఆత్రమే గానీ, తనది ఎక్కడిదాకా వచ్చిందో చూసుకునే ఓపిక ఎవరికుంటుంది? ఇద్దరూ అవతలివాళ్ళది కొలిచి, మిగిలిందంతా మనదే అనుకుని కోర్టు మెట్లెక్కారు.

అమ్మ కాళ్ళు దించి, “హూఁ” అంది. అంతే.

ప్లీడర్లిద్దరూ ఒకేసారి అందుకున్నారు.

“కోర్టులో కొలతకీ హద్దుకీ గొడవొస్తే హద్దే గెలుస్తుంది మేడం! మా పార్టీకి ఎడమ హద్దు ఏమని రాశారు? నా కుమారుడి భాగం అని. కుమారుడి భాగం ఆ గీతతో అయిపోయింది. అంటే మాది అక్కడే మొదలు!” అంది ప్లీడరమ్మ.

“అమ్మా, మా వాడికి కుడి హద్దు నా కుమార్తె భాగం అని రాశారు. కుమార్తె భాగం ఈ గీతతో అయిపోయింది. మాది ఇక్కడిదాకా!”

కమిషనరు చెయ్యెత్తింది. ఆవిడ మొహంలో కూడా ఉత్సాహం పొంగుతోంది. ఇలాంటి చిక్కు రోజూ తగలదు కదా. “హద్దు చూస్తే ఇద్దరూ ఆనుకునే ఉండాలి. కొలత చూస్తే ఆనుకోవడం లేదు. కొలతని అడిగితే హద్దు దగ్గరికి పొమ్మంటోంది, హద్దునడిగితే కొలత దగ్గరికి పొమ్మంటోంది. నేను కొలిచేదాన్నే గానీ తేల్చేదాన్ని కాదు. అయినా అడుగుతున్నా, ఈ మధ్యది ఎవరిది?”

“పొరబాటు పడిందని మేం మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాం,” అన్నాడు అన్నయ్య ప్లీడరు. “ముసలాయనకి చూపు ఆనలేదు.”

ప్లీడరమ్మ సూదిపిల్ల రెక్క పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కుపోయింది. గుసగుసలాడుతున్నా ఆ గొంతులో సంబరం దాగలేదు.

“విన్నావా? పొరబాటని వాళ్ళ నోటితోనే అన్నారు! మనమూ ఊఁ అనేద్దాం. పొరబాటని ఇద్దరూ ఒప్పుకుంటే కోర్టు ఇంకేం చూస్తుంది? ఇన్నేళ్ళూ ఆ తలుపు ఎవరు వాడుకున్నారో చూస్తుంది. ఎవరు వాడుకున్నారు? నువ్వు! దుకాణం ఎవరిది? నీది! తలుపు నీ ఒళ్ళో పడ్డట్టే!”

“మా నాన్న పొరబాటు పడ్డాడని నేను ఒప్పుకోవాలా?”

“ఒక్క ఊఁ. అంతే. ఇదిగో చూడు, కోర్టులో కొలత అంటే టేపు మీద అంకె ఒక్కటే కాదు. ఎంత జాగా అన్నదొక కొలత, ఎంత నష్టమన్నదొక కొలత. ఎంత రుజువుంటే చాలన్నదానికి కూడా ఒక కొలతుంది. మన పాత్ర నిండింది. ఇంక పొయ్యకు, పొర్లిపోతుంది.”

సూదిపిల్ల వింటూనే ఉంది గానీ చూపు మాత్రం నేల మీదే ఉంది. ఎడమ ముక్క. కుడి ముక్క. రెండూ సమానం. నడుమ తలుపంత జాగా, కొలతలో లేనిది.

నీలం సుద్దతో గీసిన రెండు గీతలు. ఆ సుద్ద, ఆ గీతలు ఆమె రోజూ చూసేవే! పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చూస్తున్నవే!

నాన్న మాట గుర్తొచ్చింది.

‘ఒంటి కొలతే పైకి చెప్పాలి పిల్లా,’ అనేవాడు నాన్న, ఆమె మొదటి చొక్కా కత్తిరిస్తున్నప్పుడు. ‘ఎడమ ఛాతీ ఇంత, కుడి ఛాతీ ఇంత. రెండు ముక్కలూ ఒకదాని మీదొకటి పడే బొత్తాల పట్టీ కొలతలోకి రాదు. అది గుడ్డలో వదలాలి. కొలతలో కలిపావో, చొక్కా ఒక పక్క బిగుతు, ఒక పక్క వదులు.’

పొరబాటు కాదు! చూపు ఆనకపోవడమూ కాదు! నాన్న ఇంటిని చొక్కా కత్తిరించినట్టు కత్తిరించాడు. ఎడమ ముక్క కొడుక్కి కొలిచాడు, కుడి ముక్క కూతురికి కొలిచాడు, రెండూ వచ్చి కలిసేచోట పట్టీకి వదిలాడు. దస్తావేజులో ఒంటి కొలతలు మాత్రమే చెప్పాడు. ఏ ప్లీడరూ, ఏ సర్వేయరూ చెయ్యని పని అది. దర్జీ ఒక్కడే చేస్తాడు.

ఎగిరి అరవాలనిపించింది ఆమెకి. నాన్న గెలిచాడు! అప్పటికే సగం నోరు తెరిచింది కూడా.

అంతలోనే ఇంకో సంగతి తట్టింది. పట్టీ ఎవరిది? ఏ ముక్కదీ కాదు. రెండు ముక్కలదీను. ఆ మాట బయటపెడితే తలుపు ఇద్దరిదీ అవుతుంది. అన్నయ్య అద్దాల పెట్టెలు తెచ్చి ఇక్కడ దించుతాడు. కత్తిరింపు బల్ల వెనక్కి పోవాలి. ఆడవాళ్ళు కొలతలకొస్తే మగవాళ్ళు అద్దాలకొస్తారు. ఈ దుకాణం ఇలా ఉండదు.

ఊఁ అంటే తలుపు తనది. నాన్న మాత్రం చూపు ఆనని ముసలాడుగా ఆ కాగితాల్లో ఉండిపోతాడు.

“ఏమ్మా?” కమిషనరు ఆమె వైపు తిరిగింది. “దస్తావేజులో కొలతలు పొరబాటుగా పడ్డాయని మీ అన్నగారి తరపు చెబుతున్నారు. మీరూ ఒప్పుకుంటున్నారా?”

“ఒప్పుకుంటోంది,” అంది ప్లీడరమ్మ.

“ఆవిడ్ని చెప్పనివ్వండి.”

సూదిపిల్ల అన్నయ్య వైపు చూసింది. ఎన్నాళ్ళకో సూటిగా చూసింది. ఆయన కూడా నేల మీది గీతల్నే చూస్తున్నాడు. తర్వాత నెమ్మదిగా తలెత్తాడు. బడి వదలగానే వచ్చి నాన్న పక్కన కూర్చుని కాజాలు కుట్టిన వేళ్ళు ఆయనవి. ఆమె కంటే ముందు పట్టీ సంగతి నేర్చుకున్నది ఆయనే. ఆ కళ్ళద్దాల వెనక ఏముందో ఆమెకి ఇట్టే తెలిసిపోయింది. ఆయనకీ అర్థమైంది!

కానీ ఆయన నోరు విప్పలేదు. విప్పి మాత్రం ఏం లాభం? సగం తనకొచ్చే మాట తానే చెబితే నమ్మేదెవరు? పైగా చూపానలేదని రాయించిన నోటితోనే ఎలా చెబుతాడు?

“ఏమండీ, ఏమిటలా చూస్తున్నారు?” వదిన మొగుణ్ణి కుదిపింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

సూదిపిల్ల బల్ల దగ్గరికి నడిచి సగం కుట్టిన చొక్కా ఒకటి తీసింది. కమిషనరు ముందు రెండు ముక్కలూ విడదీసి పట్టుకుంది.

“ఒప్పుకోను మేడం. మా నాన్న పొరబాటు పడలేదు. ఇదిగో, ఈ ముక్క ఎడమ ఛాతీ. ఇది కుడి ఛాతీ. మేం కొలత ఇంతవరకే చెబుతాం. ఇది బొత్తాల పట్టీ. ఇది కొలతలో చెప్పం, గుడ్డలో వదులుతాం. ఏ దర్జీనైనా అడగండి. ఆ తలుపు పట్టీకి వదిలిన జాగా.”

“నీకేమన్నా మతిపోయిందా!” ప్లీడరమ్మ నెత్తి కొట్టుకుంది. “మేడం, ఇది రాసుకోకండి. ఆవిడ కంగారులో ఉంది!”

కమిషనరు చొక్కా వైపు చూసింది, గీతల వైపు చూసింది, మళ్ళీ చొక్కా వైపు చూసింది. పెదవుల మీదికి నవ్వొచ్చింది గానీ వెంటనే బిగబట్టింది. “అమ్మా, ఆలోచించుకుని చెప్పండి. మనిషి తనకి నష్టమని తెలిసి చెప్పిన మాట కోర్టులో చాలా గట్టిగా నిలబడుతుంది. ఇవాళ రాసుకుంటే రేపు కాదనడానికి వీల్లేదు. పట్టీ అంటే మరి ఎవరిది?”

“ఇద్దరిదీను.” ఆ మాట అనేటప్పటికి ఆమెకి కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. “రాసుకోండి మేడం. మా నాన్నకి చూపు చక్కగా ఆనింది. ముందు అది రాయండి. తర్వాత తలుపు సంగతి రాయండి.”

కమిషనరు రెండూ రాసుకుంది. వదిన నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ప్లీడరమ్మ మిషను ముందున్న ముక్కాలిపీట మీద కూలబడి, “నా ఇన్నేళ్ళ ప్రాక్టీసులో...” అని ఆగిపోయింది.

అన్నయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు. తన ప్లీడరు ఏదో చెవిలో చెప్పబోతే, “ఆగండి సార్,” అన్నాడు. తర్వాత వదిన వైపు తిరక్కుండా, మధ్యలో ఎవరినీ పెట్టకుండా, నేరుగా చెల్లెలి మొహంలోకి చూశాడు.

“పిల్లా,” అన్నాడు. “పట్టీ అన్నాక ఒకటి పైన, ఒకటి కింద ఉంటాయి కదా. కాజాలు ఎటువైపు? బొత్తాలు ఎటువైపు?”

ఎగతాళో, ప్రేమో, కొత్త దావాకి మొదటి మాటో ఆమెకి అంతుబట్టలేదు. అన్నయ్య తనతో మాట్లాడాడు! ఆ ఒక్క సంగతి తప్ప ఇంకేదీ తలకెక్కలేదు. దర్జీ మనిషి కదా, జవాబు మాత్రం దానంతటదే వచ్చేసింది.

“మగ చొక్కా అయితే ఎడమవైపు పైన. నీది. ఆడ చొక్కా అయితే కుడివైపు పైన. నాది.”

“మరి నాన్న ఏది కుట్టినట్టు?”

పైముక్క ఎవరిదైతే తలుపు వాళ్ళదేనని వాదించొచ్చు. ప్లీడరమ్మ ముక్కాలిపీట మీదినుంచి మెల్లగా లేచింది. అన్నయ్య ప్లీడరు మెడ ముందుకు చాచాడు.

కుర్చీ కిర్రుమంది. పొద్దుట్నుంచీ కదలని అమ్మ లేచి నిలబడింది. పిడికిలి విప్పింది. అరచేతిలో తాళంచెవి అచ్చు ఎర్రగా పడి ఉంది.

“ఆయన కొలిచేటప్పుడు టేపు రెండో కొస పట్టుకున్నది నేనే,” అంది. “కొలిచి ఏం చెప్పాడో నాకు తెలుసు. పైన ఎవరు, కింద ఎవరు. చెప్పమంటారా?”

ఒక్క ముక్క అడిగితే చాలు, ఈ తగువు ఇక్కడే తేలిపోతుంది. సూదిపిల్ల అడగలేదు. అన్నయ్యా అడగలేదు. ఇప్పుడే కదా మాట కలిసింది! నాన్న ఎవర్ని పైన పెట్టాడో తెలిశాక రెండోవాళ్ళు ఏ మొహంతో ఈ గుమ్మంలో నిలబడాలి?

కమిషనరు కాగితం తిప్పి, కొత్త పేజీ మీద కలం ఆనించింది. “వాళ్ళు అడక్కపోయినా నేను అడగాలమ్మా. నన్ను పంపింది అందుకే. చెప్పండి.”

“వద్దు!” అన్నారు అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒక్క గొంతుతో.

అమ్మ అప్పటికే నోరు తెరిచింది.